ఆర్యభటుడి పేరున్న బ్యాక్టీరియా ఎటు పోయింది?

2005లో హైదరాబాద్‌లోని బెలూన్ కేంద్రం నుంచి ఒక భారీ బెలూన్ పైకి లేచింది. దాని కింద 459 కిలోల పరికరాలు వేలాడుతున్నాయి. ద్రవ నియాన్‌లో మునిగి ఉన్న స్టీలు గొట్టాలు 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టి, పారాచూట్ సాయంతో నేలకు దిగాయి. హబ్సిగూడలోని సీసీఎంబీలోనూ పుణెలోని మరో జాతీయ ప్రయోగశాలలోనూ ఆ గాలిని పరీక్షిస్తే 12 బ్యాక్టీరియా కాలనీలు, 6 శిలీంధ్ర కాలనీలు కనిపించాయి. వాటిలో మూడు బ్యాక్టీరియాలు అప్పటిదాకా ఎవరూ వర్ణించనివని తేలింది. ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ పేరుతో జానీబాక్టర్ హోయిలీ అని, రెండోదానికి ఇస్రో పేరుతో బాసిల్లస్ ఇస్రోనెన్సిస్ అని, మూడోదానికి ఆర్యభటుడి పేరుతో బాసిల్లస్ ఆర్యభట్టై అని 2009లో పేర్లు పెట్టారు.

పదేళ్లు గడిచాయి. ఆర్యభట్టై కొత్త జాతి కాదు, 1884 నుంచి తెలిసిన బాసిల్లస్ మెగాటీరియమే అని 2019లో ఒక పరిశోధక బృందం జన్యుక్రమాలు పోల్చి ప్రకటించింది. మరుసటి ఏడాది ఇంకో బృందం బాసిల్లస్ ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, విడగొట్టి, కొన్ని జాతులను ప్రీస్టియా అనే కొత్త ప్రజాతిలోకి మార్చింది. ఆ మార్చినవాటిలో మెగాటీరియం ఉంది, దాని పక్కనే వేరే జాతిగా ఆర్యభట్టై కూడా ఉంది. అంటే ఒకరు కొట్టేసిన గీతను ఇంకొకరు పట్టించుకోలేదు. ఇప్పుడు ఈ సూక్ష్మజీవి మీద సిద్ధాంత వ్యాసం రాసే విద్యార్థికి మొదట ఎదురయ్యే ప్రశ్న, దీని అధికారిక పేరు ఏమిటి అన్నది.

చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది. బ్యాక్టీరియా పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది, దాన్ని చూసుకునే అంతర్జాతీయ కమిటీ ఉంది, తగాదాలు తీర్చడానికి జ్యుడీషియల్ కమిషన్ కూడా ఉంది. ఇన్ని ఉన్నా, ఏ జాతి ఏ ప్రజాతిలోకి వస్తుందో తేల్చే అధికారం వీటిలో దేనికీ లేదు. ఆ మాట నియమావళి తానే చెప్పుకుంటుంది. ఇది పేర్ల చట్టమే గాని వర్గీకరణ చట్టం కాదు.

హైదరాబాద్‌లో ప్లాటు కొన్నవారికి ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దస్తావేజు నమోదవుతుంది. స్టాంపు సరిగా ఉందా, సాక్షుల సంతకాలు ఉన్నాయా, కాగితం పద్ధతి ప్రకారం ఉందా అని అక్కడ చూస్తారు. ఆ భూమి నిజంగా అమ్మినవాడిదేనా అన్నది సివిల్ కోర్టు తేల్చాల్సిన సంగతి. ఒకే ప్లాటుకు రెండు రిజిస్టర్డ్ దస్తావేజులు ఉండటం ఈ నగరంలో వింతేమీ కాదు. బ్యాక్టీరియా నియమావళి చేసేది కూడా నమోదు పనే. అది 'చెల్లుబాటుగా ప్రచురితమైన పేరు' అంటే పేరు పద్ధతి ప్రకారం నమోదైందని అర్థం. 'సరైన పేరు' అన్నది వేరే మాట. ఒక శాస్త్రవేత్త ఒక వర్గీకరణను ఒప్పుకుంటే, ఆ వర్గీకరణలో ఆ జీవికి వాడాల్సిన ఒకే ఒక పేరు అది. ఈ రెండు మాటలనూ ఒకటిగా చదవడం వల్లే సగం గందరగోళం పుడుతుంది. మిగతా సగానికి జంతుశాస్త్రం కారణం. వాళ్ల నియమావళిలో 'చెల్లుబాటైన' అన్న మాటకు ఇక్కడి 'సరైన' అన్న అర్థం ఉంది. రెండు శాస్త్రాలూ చదివినవారే ఎక్కువ తికమకపడతారు.

నమోదుకు ఏం కావాలో ఆర్యభట్టై చరిత్రలోనే కనిపిస్తుంది. 2009 మార్చిలో ఇస్రో ప్రకటనతో పాటు ఈ పేర్లు వార్తాపత్రికల్లో వచ్చాయి. నియమావళి దృష్టిలో ఆ రోజుకు ఆ పేర్లు పుట్టనే లేదు. కమిటీ అధికారిక పత్రికలో, వర్ణనతోనూ పేరు వ్యుత్పత్తితోనూ వ్యాసం రావాలి. వేరే పత్రికలో ప్రచురించినవారు ఈ అధికారిక పత్రిక వేసే ధ్రువీకరణ జాబితాలోకి పేరు ఎక్కించుకోవాలి. ఈ మూడు పేర్ల వ్యాసం అదే ఏడాది డిసెంబర్ సంచికలో అచ్చయింది. వార్తల్లో ఎంత మోగినా పేరుకు వయసు లెక్కపెట్టేది ఆ అధికారిక పత్రిక నుంచే.

వ్యాసంతో పాటు ప్రయోగశాలలో పెంచిన ఒక సజీవమైన కల్చర్ కూడా కావాలి. దాన్ని టైప్ స్ట్రెయిన్ అంటారు. ఆర్యభట్టైకి అది బీ8డబ్ల్యూ22 అనే సంఖ్య ఉన్న స్ట్రెయిన్. 2001 నుంచి ఈ నిబంధన ఇంకా బిగిసింది. కనీసం రెండు వేర్వేరు దేశాల్లోని కల్చర్ భాండాగారాల్లో దాన్ని జమ చేయాలి, అడిగినవారికి అది దొరకాలి. మన దేశపు 2002 జీవవైవిధ్య చట్టం మరో వైపు నుంచి వస్తుంది. కొత్త జాతిని కనుగొన్నవారు నమూనాను ఇక్కడి అధీకృత భాండాగారంలో పెట్టాలని అది చెబుతుంది, జీవవనరులు దేశం దాటడానికి షరతులు పెడుతుంది. రెండూ న్యాయమైనవే. ఒకటి విజ్ఞానం అందరికీ అందాలంటుంది, మరొకటి మన వనరులను ఎవరూ ఉచితంగా ఎత్తుకుపోకూడదంటుంది. మధ్యలో నలిగేది మాత్రం కాగితాలు పట్టుకుని తిరిగే పరిశోధక విద్యార్థి.

టైప్ స్ట్రెయిన్ అంటే ఆ జాతికి 'విలక్షణమైన ప్రతినిధి' అని చాలామంది అనుకుంటారు. ఆ మాట వింటే అలాగే అనిపిస్తుంది కూడా. నిజానికి అది పేరును కట్టేసిన గుంజ మాత్రమే. గుంజ చేనుకు నడిమధ్యలో ఉండొచ్చు, గట్టు పక్కనా ఉండొచ్చు. గుంజ ఎక్కడ పాతారన్నది నియమావళి చూస్తుంది. దాని చుట్టూ ఎంత మేర ఆ జాతిది అన్నది శాస్త్రవేత్త గీసే హద్దు. ఒకరు హద్దు చిన్నదిగా గీస్తే ఒక్కో చేనులో ఒక్కో గుంజ ఉంటుంది. ఇంకొకరు పెద్దదిగా గీస్తే ఒకే చేనులో రెండు గుంజలు పడతాయి. అప్పుడు ముందు పాతిన గుంజ పేరే చేనుకు వస్తుంది. ప్రాధాన్య నియమం అంటే ఇంతే.

ఈ కొలతతో మళ్లీ ఆర్యభట్టైని చూడాలి. బాసిల్లస్ మెగాటీరియం, ప్రీస్టియా మెగాటీరియం అనేవి ఒకే గుంజకు కట్టిన రెండు పేర్లు, ఏక నమూనా పర్యాయాలు. వాటి గుంజ ఒకటే అన్న సంగతిలో అభిప్రాయానికి చోటు లేదు. మెగాటీరియం, ఆర్యభట్టై అనేవి మాత్రం రెండు వేర్వేరు గుంజలు, భిన్న నమూనా పర్యాయాలు. అవి ఒకే చేనులో ఉన్నాయా లేదా అన్నది పూర్తిగా అభిప్రాయం. జన్యుక్రమాల సగటు సామ్యం 95, 96 శాతం దాటితే ఒకే జాతిగా చూడటం నేటి అలవాటు. ఆ అంకె నియమావళిలో ఎక్కడా లేదు. అది శాస్త్రవేత్తల మధ్య మాట మీద నిలిచిన ఒప్పందం.

కాబట్టి ఆ విద్యార్థి ముందు రెండు ప్రశ్నలున్నాయి. ప్రీస్టియాను వేరే ప్రజాతిగా ఒప్పుకుంటారా? ఆర్యభట్టైని మెగాటీరియంలో కలుపుతారా? రెండింటికీ అవునన్నవారికి సరైన పేరు ప్రీస్టియా మెగాటీరియం. మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అంటే ప్రీస్టియా ఆర్యభట్టై. మొదటిదానికి కాదు, రెండోదానికి అవును అంటే బాసిల్లస్ మెగాటీరియం. రెండూ కాదంటే 2009లో పెట్టిన పేరే నిలుస్తుంది. నాలుగు పేర్లూ నమోదైనవే, నాలుగు సమాధానాలూ నియమావళికి లోబడినవే. కలిపేయడం ఒప్పుకున్నా ఆర్యభట్టై అన్న నమోదు చెరిగిపోదు. రేపెవరైనా ఆ రెండింటినీ మళ్లీ విడదీస్తే అదే పేరు, అదే 2009 తేదీతో లేచి కూర్చుంటుంది. ఆర్యభటుడి పేరు తీసేశారన్న మాట అందుకే పొరపాటు. డేటాబేస్ ఒక పేరు పక్కన 'సరైనది' అని రాస్తే, అది ఆ డేటాబేస్ నడిపేవారు ఎంచుకున్న వర్గీకరణ. దానికి విలువ లేదని కాదు, దాన్ని తీర్పుగా చదవకూడదు. సిద్ధాంత వ్యాసంలో రాయాల్సింది ఏ పేరు ఎంచుకున్నారన్నది ఒక్కటే కాదు, ఎవరి వర్గీకరణను అనుసరించారన్నది కూడా.

ఇస్రోనెన్సిస్ కూడా ఇల్లు మారింది. 2016లో దాన్ని సోలిబాసిల్లస్ ప్రజాతిలోకి మార్చారు. ముగ్గురిలో పుట్టింటి పేరుతోనే మిగిలింది హోయిలీ.

ఇంటిపేరు అన్న మాట ఇక్కడ ఊరికే రాలేదు. ద్వినామ పద్ధతి ఐరోపావారికి తిరగేసిన వరస, తెలుగువారికి మాత్రం ఇంట్లో వ్యవహారమే. ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. ప్రజాతి మారితే ఇంటిపేరు మారుతుంది, సొంత పేరు వెంట వస్తుంది. ఆ ప్రయాణమంతా పేరు చివర కుండలీకరణాల్లో రాసి పెడతారు. 'ప్రీస్టియా మెగాటీరియం (డి బారీ 1884) గుప్తా మొదలైనవారు 2020' అని ఉంటే, కుండలీకరణంలో ఉన్నవారు మొదట పేరు పెట్టినవారు, బయట ఉన్నవారు ఇల్లు మార్చినవారు. ప్లాటు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూసినట్టు దీన్ని చదవాలి. చాలా సిద్ధాంత వ్యాసాల్లో ఈ కుండలీకరణాలను అలంకారమనుకుని తీసేస్తుంటారు. తీసేస్తే లింకు తెగుతుంది.

సొంత పేరు వెంట వస్తుంది గాని, అప్పుడప్పుడు దుస్తులు మార్చుకుని వస్తుంది. పేర్లన్నీ ఏ భాష నుంచి వచ్చినా లాటిన్‌గానే చూడాలన్నది నియమం. లాటిన్‌లో, సంస్కృతంలో సుందరః, సుందరీ, సుందరం అన్నట్టే, విశేషణం విశేష్యపు లింగాన్ని పట్టుకుని మారుతుంది. దీనికి ఉదాహరణ కోసం రోమ్ దాకా వెళ్లనక్కరలేదు. హైదరాబాద్ ప్రయోగశాలలు 2007లో విశాఖపట్నం పేరుతో రెండు ఊదారంగు కిరణజన్య బ్యాక్టీరియాలను వర్ణించాయి. ఒకటి రోడోవులం విశాఖపట్నమెన్సె, ఇంకొకటి రోజియోస్పైరా విశాఖపట్నమెన్సిస్. ఊరు ఒకటే, తోక వేరు. రోడోవులం నపుంసక లింగం కాబట్టి 'ఎన్సె', రోజియోస్పైరా స్త్రీలింగం కాబట్టి 'ఎన్సిస్'. ఇది తెలియనివారు ఒకదాన్ని అచ్చుతప్పనుకుని దిద్దడం ఖాయం. అదే ఏడాది కాకినాడ థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్ అయింది, భీమిలి మారిక్రోమేటియం భీమ్లికం అయింది. ఆ తర్వాత స్ట్రెప్టోమైసెస్ ఉస్మానియెన్సిస్, స్ట్రెప్టోమైసెస్ హైదరాబాదెన్సిస్ వచ్చాయి. ఈ 'ఎన్సిస్' అంటే ఆ ఊరిది, ఆ చోటిది అని. హైదరాబాదీ అన్నప్పుడు చివర వచ్చే ఈకారం చేసే పనే అది చేస్తుంది.

వ్యక్తుల పేర్లకు షష్ఠీ విభక్తి వస్తుంది. ఆర్యభట్టై అంటే 'ఆర్యభట్టుడి యొక్క'. ఇది లింగాన్ని బట్టి మారదు, అందుకే బాసిల్లస్ నుంచి ప్రీస్టియాకు వెళ్లినా తోక అలాగే ఉంది. ఇక్కడ తెలుగు పాఠకుడికి చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. ఆయన పేరు ఆర్యభటుడు, ఒకే టకారం. 1975 నాటి ఉపగ్రహం పేరూ ఆర్యభటే. బ్యాక్టీరియాకు మాత్రం ద్విత్వం వచ్చింది. ప్రచురణలో మొదట ఎలా రాశారో అలాగే ఉంచాలి, అచ్చుతప్పులూ వర్ణక్రమ దోషాలూ తప్ప దిద్దకూడదన్నది నియమం. మొదటి నుంచీ ఉద్దేశపూర్వకంగా రెండు టకారాలతో రాసిన పేరు కాబట్టి అది అలాగే కొనసాగుతోంది. పండితులకు ఇబ్బందే, కాని పేర్ల పుస్తకానికి ముఖ్యం శుద్ధి కంటే స్థిరత్వం.

ఆ స్థిరత్వం కోసం ఒకసారి పెద్ద కత్తే వాడారు. వేలకొద్దీ పాత పేర్లు, ఎవరు ఎప్పుడు ఏ జీవికి పెట్టారో అంతుచిక్కనివి పోగుపడ్డాయి. లెక్క 1753 నుంచి మొదలవుతుండటంతో ఏ కొత్త పేరుకైనా రెండు శతాబ్దాల పుస్తకాలు తిరగేయాల్సి వచ్చేది. అందుకని 1980 జనవరి 1న ఒక ఆమోదిత జాబితా వేసి, రెండు వేల పైచిలుకు పేర్లు ఉంచుకుని, జాబితాలో లేనివాటికి హోదా లేదన్నారు. రికార్డుల ప్రక్షాళనలో కొత్త పుస్తకంలోకి ఎక్కనివాడి గతి ఏమిటో తెలంగాణ రైతుకు వేరే చెప్పనక్కరలేదు. బ్యాక్టీరియాల విషయంలో మాత్రం దీన్ని ముందే చాటి, ఏళ్ల తరబడి చర్చించి చేశారు. అందువల్ల పెద్దగా గొడవ రాలేదు.

ఆ జాబితా దయ వల్ల ఒక విచిత్రం మిగిలింది. కుష్ఠు వ్యాధి కలిగించే మైకోబాక్టీరియం లెప్రేను కృత్రిమ మాధ్యమంలో పెంచడం ఇప్పటికీ ఎవరి వల్లా కాలేదు. టైప్ స్ట్రెయిన్ లేకపోయినా, 1980 జాబితాలో ఉంది కాబట్టి దాని పేరు చెల్లుతుంది. బత్తాయి తోటలను ఎండబెట్టే గ్రీనింగ్ తెగులు బ్యాక్టీరియాకు ఆ అదృష్టం లేదు. నిలకడగా పెంచి భాండాగారంలో దాచిన కల్చర్ లేదు కాబట్టి అది ఇంకా 'కాండిడేటస్ లిబెరిబాక్టర్ ఏషియాటికస్'. కాండిడేటస్ అంటే అభ్యర్థి. నల్గొండ రైతుకు ఎంత నష్టం చేసినా నియమావళి గుమ్మం దగ్గర అది అభ్యర్థే. మట్టిలో, సముద్రంలో ఉన్న బ్యాక్టీరియాల్లో అత్యధిక భాగం ఇలా పెంపకానికి లొంగనివే. జన్యుక్రమాన్నే గుంజగా ఒప్పుకోవాలన్న ప్రతిపాదనను కమిటీ 2020లో తిరస్కరించింది. కోరినవారు 2022లో సీక్‌కోడ్ పేరుతో వేరే నియమావళి పెట్టుకున్నారు. ఒకే ఊరికి రెండు రిజిస్ట్రేషన్ కార్యాలయాలు మంచివి కావు. కాని పెంచలేని జీవులకు పేరే వద్దనడం అంతకంటే మొండితనం.

నియమావళి తన నియమాన్ని తానే పక్కన పెట్టిన సందర్భం ఒకటుంది, అది తెలియకపోతే దాని స్వభావం సగమే తెలిసినట్టు. ప్లేగు తగ్గినందుకు మొక్కు తీర్చుకుంటూ 1591లో చార్మినార్ కట్టించారని హైదరాబాద్‌లో తరతరాలుగా చెప్పుకుంటారు. చరిత్రకారులందరూ ఆ కథను ఒప్పుకోరు, అది వేరే సంగతి. ఆ ప్లేగు బ్యాక్టీరియా యెర్సీనియా పెస్టిస్. దాని డీఎన్‌ఏను పోల్చి చూస్తే యెర్సీనియా సూడోట్యూబర్‌క్యులోసిస్ అనే, సాధారణంగా అంత ప్రాణాంతకం కాని జాతిలోనే అది ఇమిడిపోతుందని తేలింది. రెండో పేరే పాతది. ప్రాధాన్యం ప్రకారం ప్లేగు క్రిమి ఆ జాతిలో ఉపజాతి కావాలి. అలాగే పేరు పెట్టారు, నమోదు కూడా అయింది. అప్పుడు వైద్యులు ఉలిక్కిపడ్డారు. రిపోర్టు తీసుకున్న డ్యూటీ డాక్టర్ మొదటి రెండు మాటలు చదివి, చివరనున్న 'ఉపజాతి పెస్టిస్' చూడకుండా పక్కన పెడితే ఏమిటి? ప్రాణాలకు ముప్పు తెచ్చే పేర్లను తిరస్కరించే అధికారం జ్యుడీషియల్ కమిషన్‌కు ఉంది. 1985లో ఆ పేరును తిరస్కరించి పెస్టిస్‌ను నిలబెట్టింది. వర్గీకరణ తప్పని అది అనలేదు. రెండూ ఒకే జాతి అని ఇప్పటికీ ఎవరైనా రాసుకోవచ్చు. ఆ పేరును మాత్రం వాడకూడదు.

ఆసుపత్రి వైపు నుంచి చూస్తే పేరు మార్పుల మీద విసుగు అర్థం చేసుకోదగ్గదే. పోయిన రిపోర్టులో ఎంటెరోబాక్టర్ ఏరోజెన్స్, ఈ రిపోర్టులో క్లెబ్సియెల్లా ఏరోజెన్స్. రోగి బంధువులు రెండు వేర్వేరు ఇన్‌ఫెక్షన్లని కంగారుపడతారు. 2017లో ఇల్లు మారింది గాని క్రిమి అదే. కొత్త పేరు పక్కన కొన్నాళ్లు పాత పేరు కూడా అచ్చు వేస్తే ఈ కంగారు ఉండదు. దానికి ఏ నియమమూ అడ్డు చెప్పదు. పేరు పెట్టేవారు తలచుకుంటే ఇబ్బంది తగ్గించగలరని క్లాస్ట్రిడియం డిఫిసిలే చూపించింది. 2016లో దాన్ని క్లాస్ట్రిడియాయిడెస్ చేశారు. అదే మొదటి అక్షరం ఉండేలా చూడటం వల్ల 'సీ డిఫ్' అనే వాడుక మాట చెక్కుచెదరలేదు.

2020లో లాక్టోబాసిల్లస్ ప్రజాతిని 25 ముక్కలు చేసినప్పుడు వ్యాపార ప్రాముఖ్యం ఉన్న జాతులు చేరిన కొత్త ప్రజాతుల పేర్లను ఇంగ్లిష్ 'ఎల్' అక్షరంతోనే మొదలుపెట్టారు. 260కి పైగా జాతులున్న ఉమ్మడి కుటుంబం వేరుపడినప్పుడు పాత ఇంటిపేరు ఎవరికి దక్కాలి? ప్రజాతికి గుంజ టైప్ జాతి. లాక్టోబాసిల్లస్‌కు అది డెల్‌బ్రూకీ. దాని ఉపజాతి బల్గేరికస్ యోగర్ట్ తోడులో ఉండే ప్రసిద్ధ క్రిమి. కాబట్టి యోగర్ట్ క్రిమి లాక్టోబాసిల్లస్‌గానే ఉండిపోయింది. సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో ప్రోబయోటిక్ సీసాల మీద పెద్ద అక్షరాల్లో కనిపించే కేసీ మాత్రం లాక్టికేసీబాసిల్లస్ అయింది, రామ్నోసస్ కూడా దాని వెంటే వెళ్లింది. లేబుళ్ల మీద ఇంకా పాత పేరే కనిపిస్తే కంపెనీ మోసం చేసిందనుకోనక్కరలేదు. పాత పేరూ చెల్లుబాటుగా నమోదైనదే.